కుడికి పోతున్న బంతి

ప్రవళిక కుడిచేతిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూస్తోంది, అది ఎవరిదో అన్నట్టు. వేళ్లు వేళ్లలాగే ఉన్నాయి. పూల్ కర్ర పట్టీ పట్టీ బొటనవేలి మొదట్లో కాయ కాసిన చోటు కొంచెం ఎర్రబడింది, అంతే. దీంట్లో దయ్యమేమీ దూరలేదు. మరి ఐదు బంతులు, ఐదూ కుడికే ఎందుకు పోయాయి? ఒకటి ఎడమకు పోయి, ఒకటి కుడికి పోయి ఉంటే భయమనుకోవచ్చు, ఏసీ గాలి అనుకోవచ్చు, కొత్త బల్ల అనుకోవచ్చు. ఐదూ ఒక్క తీరుగా పాకెట్ కుడి అంచుకు కొట్టుకుని, లోపలికి తొంగి చూసినట్టు చూసి, బయటే ఆగాయి. మూడు ఆటల్లో రెండు గెలవాలి. రెండూ వరసగా పోయాయి. ఎదుటి పిల్ల నిహారిక, హైదరాబాదులో నేర్చుకుంటోందట, సొంత కర్ర, దానికో తోలు సంచి, చెయ్యి కలిపి "ఏం కాదక్కా, నెక్స్ట్ మ్యాచ్ ఉంది కదా" అంది. ఆ పిల్ల మంచిగానే అంది. అదే ఇంకా మండుతోంది. అవును, ఉంది. ఒకసారి ఓడినవాళ్లకు ఇంకొక్క మ్యాచ్. పన్నెండున్నరకు. అది గెలిస్తే ఉమ్మడి జిల్లా జట్టులో నాలుగో పేరు. అదీ పోతే మహబూబ్‌నగర్ బస్టాండు, కొత్తకోట బస్సు, ఇల్లు. ఇల్లు పోయేదేం కాదు. పోయేవి పొద్దుటి రెండు గంటలు. కొత్తకోటలో పూల్ పార్లర్ నడిపే మల్లేషన్న నిన్న షట్టర్ వేస్తూ కుండ బద్దలు కొట్టినట్టే చెప్పాడు: "సూడు పిల్లా, మూడేండ్లు నీకు పొద్దుగాల్ల బల్ల ఇడిసిన. జిల్లా టీముల పేరొస్తే గా రెండు గంటలు నీయే, ఎవ్వడడిగినా ఇయ్య. రాకుంటె పొద్దటి బ్యాచోళ్లు అడుగుతున్నరు, ఆళ్లకిస్త. నన్ను తిట్టుకోవద్దు." గోడ మీద గడియారం పదకొండూ ఇరవై. ముల్లు కదులుతోందో లేదో తెలియదు. మోకాలు మాత్రం ఆగకుండా ఊగుతోంది.

"ఊకె కాలు ఊపకు బిడ్డా, బెంచి అంత కదులుతాంది. జర రొట్టె తినరాదు." అమ్మ నర్సింగమ్మ డబ్బా మూత తీసింది. జొన్నరొట్టె, పల్లి చట్నీ. ఆ చల్లటి గదిలో, తెల్ల టైల్సు మీద, ఒక్కసారిగా వెల్లుల్లి వాసన గుప్పుమంది. ఎదురు కుర్చీలో ఎవరో తల తిప్పి చూశారు. చూడనీ. ఇంతకు ముందైతే ప్రవళిక డబ్బా మూయమనేది. ఇప్పుడు ఆ సిగ్గుకు కూడా తీరిక లేదు. లోపల హాలులో బంతికి బంతి తగిలే చప్పుడు. టక్. అది నిండుగా తగిలింది. టిక్. అది అంచున తగిలింది, పోదు. మూడేళ్లుగా పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆమె ఆ చప్పుళ్లతోనే బతికింది. పార్లర్ ఊడ్చి, కడిగి, బల్ల మీద గుడ్డ దులిపేది అమ్మ. అమ్మ పని చేస్తున్నంతసేపు బల్ల బిడ్డది. పది దాటితే మొగవాళ్లు వస్తారు, పొగ వస్తుంది, పాటలు వస్తాయి. పది తర్వాత రావొద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. మొదట్లో ఎందుకు కొట్టిందో కూడా గుర్తు లేదు, డిగ్రీ మొదటి సంవత్సరం సెలవుల్లో అమ్మకు సాయం పోయి, బకెట్టు పక్కన పెట్టి, గోడకు ఉన్న కర్రల్లో ఒకటి తీసి తెల్ల బంతిని తోసింది. అది పోయి ఎర్ర బంతిని కొట్టింది, ఎర్రబంతి పోయి మూలన గుంతలో పడింది. దబ్. అంత ఖచ్చితంగా తన మాట విన్నది అప్పటిదాకా ఈ భూమ్మీద ఏదీ లేదు. బాపు లారీ ఎక్కితే నెలకోసారి వస్తాడు, వచ్చినా వినడు. కాలేజీ వినదు. ఆ బంతి విన్నది.

ఏడాదంతా పిచ్చి పట్టినట్టు ఆడింది. తనతో తనే. గీతల బంతులు ఒక ప్రవళికవి, నిండు రంగువి ఇంకో ప్రవళికవి. ఎవరు గెలిచినా సంబరమే. ఆ తర్వాత ఒకరోజు ఫోన్లో ఒక వీడియోలో ఎవరో ముసలాయన, మాట సగం అర్థం కాలేదు గానీ చెయ్యి అర్థమైంది, ఒక్క బంతినే పెట్టి ఒక్క దెబ్బనే కొడుతున్నాడు, కొడుతూనే ఉన్నాడు. ఆడటం వేరు, చెయ్యి దిద్దుకోవడం వేరు అని అప్పుడు తట్టింది. ఆటలు బందు పెట్టింది. అమ్మ ఏరి పక్కన పెట్టిన కూల్‌డ్రింక్ సీసాల్లో ఒకటి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టి, సీసా మూతికి తగలకుండా కర్ర మొన లోపలికి, బయటికి, లోపలికి, బయటికి, పొద్దున రెండు వందల సార్లు. తగిలితే కిణుక్కుమంటుంది, మళ్లీ ఒకటి నుంచి. మూడు నెలలు అదే. భుజం కదలొద్దు, మోచేయి తలుపు మడతలా ఊగాలి, దెబ్బ అయ్యాక కర్ర ఎక్కడ ఆగిందో అక్కడే ఉంచి చూడాలి, తల ఎత్తొద్దు. నర్సింగమ్మ చీపురు ఆపి చూసి "గిదేం ఆటనే, సీసాను పొడుసుడు?" అని నవ్వేది. తర్వాత నూరు. సక్కగా, ఈ కొస నుంచి ఆ మూలకు, నూరు దెబ్బలు, పడినవెన్ని పుస్తకంలో రాయాలి. మొదటి రోజు ఇరవై రెండు. పోయినవన్నీ ఎడమకే పోయేవి. వారం గడిచినా ఎడమకే. మల్లేషన్న ఒక పొద్దున వచ్చి చూసి "నీ చెయ్యి ఎడమకు గుంజుతాంది పిల్లా, జర ఇటు తిప్పు" అన్నాడు. తిప్పింది. దెబ్బ తగిలే ఆ ఆఖరి చిటికెలో మణికట్టును వెంట్రుకవాసి కుడికి. నలభై. అరవై. ఎనభై ఒకటి. ఆ వెంట్రుకవాసి కోసం ఏడాదిన్నర. బల్ల అవతలి కొస గోడకు దగ్గర, అటు నిలబడితే కర్ర వెనక్కి లాగడానికి జాగా లేదు, అందుకని ఎప్పుడూ ఇవతలి కొస నుంచే. పోయిన నెల తొంభై ఏడు. తొంభై ఏడు రాసిన కాగితాన్ని అమ్మకు చూపించింది. అమ్మకు అంకెలొచ్చు. "ఇంక మూడే గద" అంది.

ఆ తొంభై ఏడు ఇక్కడ ఏ బుగ్గిలో కలిసింది? మొదటి మ్యాచ్ అయిపోగానే ఎల్లేష్ సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. రైల్వేలో చేసి రిటైరయిన మనిషి, ఈ పోటీలు నడిపించేది ఆయనే, చొక్కా జేబులో ఎప్పుడూ కర్ర మొనకు రాసే నీలం చాక్‌పీసు ముక్క.

"సివర్ల నీ మణికట్టు తిరుగుతాంది బిడ్డా. ఎవరు నేర్పిండ్రు?"

"ఎవ్వరు లేరు సార్. నేనే నేర్చుకున్న."

"నేర్సుకున్నవ్, మంచిగనే నేర్సుకున్నవ్. తప్పు నేర్సుకున్నవ్." అని వెళ్లిపోయాడు. పెద్దమనుషులు ఇంతే, పుండు ఎక్కడుందో వేలు పెట్టి చూపించి పోతారు. తప్పట! ఆ తిప్పుడే కదా తొంభై ఏడు తెచ్చింది. తిప్పకపోతే బంతి ఎడమకు పోయేది, తన కళ్లతో చూసింది, ఒక్క రోజు కాదు, రోజుల తరబడి. సార్ చూడలేదు. హైదరాబాదు చేతులను చూసిన కళ్లకు కొత్తకోట చెయ్యి వంకరగానే కనబడుతుంది. డిగ్రీలో తెలుగు లెక్చరర్ లాగే. నోరు తెరిస్తే "గట్ల కాదమ్మా, అలా" అనేవాడు. అలా అంటే అలా అంది, ఇంటికొచ్చి గట్ల అంది, నోట్లో రెండు నాలుకలు పెట్టుకుని మూడేళ్లు చదువు గడిపింది. ఇప్పుడు చెయ్యి కూడా రెండు కావాలా? లేచింది. కూర్చుంది. మళ్లీ లేచి మెట్ల దగ్గర కిటికీలోంచి చూసింది. కింద రోడ్డు మీద టమాటాల ఆటో, దాని వెనక హారన్ కొడుతూ స్కూలు బస్సు, ఎండ. వెనక్కి వచ్చింది. పదకొండూ నలభై. పొద్దుటి గంటలు పోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అమ్మ ఒక్కతే పోయి ఊడ్చి వస్తుంది. తను ఆరున్నరకు ఇంట్లో కళ్లు తెరుచుకుని పడుకుంటుంది. ఎవరూ చావరు. జొన్నలు పండుతాయి, లారీలు పోతాయి. చెప్పినా చూపించలేని దెబ్బ ఇది, కాలో చెయ్యో విరిగితే జనం వస్తారు, పొద్దుటి రెండు గంటలు విరిగితే ఎవడొస్తాడు? రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగలేదు.

అప్పుడే హాలులోంచి బయటికొస్తున్న ఒకామె మోచెయ్యి తగిలి నీళ్ల క్యాను ఒరిగింది. అరక్యాను నీళ్లు నేల మీద పరుచుకున్నాయి. "అయ్యో, శోభా!" అని ఎవరో కేకేశారు. ఈ క్లబ్బులో పనిచేసే శోభ కర్రకు కట్టిన గుడ్డ పట్టుకుని వచ్చింది. తుడుస్తోంది, పిండుతోంది, మళ్లీ తుడుస్తోంది. నర్సింగమ్మ డబ్బా మూసి, చూసి, ఉండబట్టలేక లేచి పోయింది. అమ్మ అంతే, ఎవరైనా నేల తుడుస్తుంటే చూస్తూ ఊరుకోలేదు. బాగా వంట చేసేవాళ్లు వేరే వాళ్ల పొయ్యిలోకి తొంగి చూస్తారే, అట్లా.

"గీ నీళ్లు ఈడ్నే నిలవడుతున్నయి గద చెల్లె. ఎటూ పోతలేవు. ఎట్ల కడుగుతవ్ రోజు?"

"కడుగుడెక్కడిదక్కా, తుడుసుడే. నీళ్లు పోనీకి తొవ్వే లేదు. సాపు బండలాయె. నడుము ఇరుగుతాంది."

"మా దాంట్ల గట్ల గాదు. గోడ కాడ ఒక్క బకెట్ గుమ్మరిస్తె సాలు, బల్ల కిందికెల్లి అదే ఉరుకుతది తూము కాడికి. నేను చీపురు పట్టుకొని ఎంబడి పోవుడే. ఎనుకట అది పల్లికాయ మిల్లు. నేను ఆడ్నే గింజలు ఏరిన పన్నెండేండ్లు. నూనె జిడ్డు, దుమ్ము అంత కొట్టుకపోవాలెనని సేటు బండలకు వాటం పెట్టిచ్చిండు. ఈ గోడకు, ఆ గోడకు నాలుగేళ్ల తేడ."

నాలుగు వేళ్లు. ప్రవళిక నోట్లో రొట్టె అట్లనే ఉంది. అమ్మ తన చేతి నాలుగు వేళ్లు శోభ ముఖం ముందు అడ్డంగా పెట్టి చూపిస్తోంది. ఈ గోడకూ ఆ గోడకూ.

"అమ్మా. ఎటు దిక్కు పోతయి నీళ్లు?"

"ఏ నీళ్లు?"

"మన మిల్లుల. తూము ఎటుంది?"

"నీకెరుక లేదా? రోడ్డు దిక్కు. నువ్వు తలుపు కాడ నిలవడి ఆడతవ్ సూడు, నీ ఎడమ చెయ్యి దిక్కు." నర్సింగమ్మ బిడ్డ ముఖం చూసి ఆగింది. "ఏమైందే? కడుపుల నొస్తాందా?"

ఎడమ చెయ్యి దిక్కు. ఎడమకు. ఆ బల్ల దిగిన రోజు తనూ అక్కడే ఉంది. లారీలోంచి పది మంది దింపారు, కింద రాతిపలక, దాని మీద ఆకుపచ్చ గుడ్డ. బిగించడానికి వచ్చినాయన టేపు తీసి నాలుగు కాళ్లూ కొలిచాడు. వంగి కొలిచాడు, పడుకుని కొలిచాడు. "నాలుగు సమానం, వెంట్రుక తేడ లేదు" అని మల్లేషన్న ఆ రోజంతా వచ్చినవాడికల్లా చెప్పుకున్నాడు. నిజమే. నాలుగు కాళ్లూ సమానమే. ఆ కాళ్లు నిలబడ్డ నేలను ఎవడు కొలిచాడు? పైన బంతి నడిచే చోటును ఎవడు కొలిచాడు? ఒక్కడూ కొలవలేదు. కొలిచే అవసరం ఉందని తట్టలేదు. పార్లర్‌కు వచ్చే మొగవాళ్లంతా ఆ బల్ల మీదే నేర్చుకున్నారు, ఒక్కొక్కడికి ఒక్కొక్క తిప్పుడు, ఒక్కొక్క వంకర. వనపర్తి నుంచి ఎవడైనా వచ్చి ఆడితే బంతి పడదు, అందరూ ఈలలేస్తారు. "మా బల్ల మాకే తెలుస్తది తమ్మీ!" వంకర బల్లను చూసుకుని ఊరు ఊరంతా మురిసిపోయింది. అందులో తను కూడా. మూడేళ్లు. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, ఎవడో నూనె జిడ్డు పోవడానికి పెట్టించిన వాటానికి తన మణికట్టును వంచుకుంటూ వచ్చింది. దానికి సాధన అని పేరు పెట్టుకుంది. పుస్తకంలో రాసుకుంది. తొంభై ఏడు. దేనికి తొంభై ఏడు? ఆ బల్ల ఎంత వాలిందో దాన్ని తొంభై ఏడు సార్లు కొలిచింది, అంతే. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, అవతలి కొసకు పోయి, గోడకు కర్ర తగిలితే తగిలింది, పొట్టి కర్రతోనైనా నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బంతి అటు నుంచి కుడికి పోయేది, బండారం బయటపడేది. పోలేదు. సౌకర్యంగా ఉన్న కొసనే పట్టుకుని నూరు, నూరు, నూరు. చెయ్యి తప్పని ఎవరో అంటే నమ్మింది, బల్ల తప్పేమోనని ఒక్కసారి అనుకోలేదు. ఎందుకనుకోలేదు? బల్ల మల్లేషన్నది, చెయ్యి తనది. ఉచితంగా ఇచ్చిన గంటల్లో బల్లను అనుమానించడానికి నోరెట్లా వస్తుంది? అమ్మ రోజూ ఆ బల్ల కిందుగానే నీళ్లు పారించింది. రోజూ చూసింది. రోజూ తెలుసు. అమ్మనెవడడిగాడు?

నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, రెండూ ఆగాక ఒళ్లంతా జ్వరమొచ్చినట్టు ఒక తొందర. పన్నెండూ ఐదు. లోపల మూలన ప్రాక్టీసు బల్ల ఖాళీగా ఉంది. ఎల్లేష్ సార్ వైపు చూసింది, ఆయన పది నిమిషాలు అన్నట్టు చెయ్యి ఊపాడు. పరుగెత్తినట్టే పోయింది. ఒక బంతి, తెల్ల బంతి, సక్కని దెబ్బ. పాత చెయ్యితో కొట్టింది. కుడికి. ఈసారి పాత చెయ్యే ఉంచి, గురి మాత్రం కాస్త ఎడమకు జరిపింది. పడింది. మళ్లీ పడింది. పదిలో ఎనిమిది. అంతేనా? ఇంతే పని! వంకర చెయ్యికి వంకర గురి జోడిస్తే సక్కగా పోతుంది. పన్నెండున్నర మ్యాచ్ ఎత్తుకుపోవచ్చు. చెయ్యి ఆగింది. తర్వాత మణికట్టు తిప్పకుండా కొట్టి చూసింది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఒకటి సగం దూరం పోయి అలిసిపోయింది. పదిలో మూడు. తిప్పని చెయ్యి పసిపిల్ల నడకలా ఉంది, ఎటు పడితే అటు. మరేం చేయాలి? గెలవాలంటే ఎనిమిది. ఈ ఒక్క గంటకు ఎనిమిది చాలు. గెలిస్తే ఏం దొరుకుతుంది? పొద్దుటి రెండు గంటలు. ఏ బల్ల మీద? ఆ బల్ల మీదే. అక్కడొక చెయ్యి, బయటి లోకానికి ఇంకో గురి, రోజుకోసారి మార్చుకుంటూ, మళ్లీ మూడేళ్లు. అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోవడం. ఛీ. కానీ ఓడితే ఆ బల్ల కూడా లేదు. వాలిన బల్లయినా బల్లే కదా. లేనిదానికంటే వంకరది నయం కాదా? ఆ నయం అనుకునే కదా ఇంత దూరం వచ్చింది, ఇంత దూరం వచ్చి కుడికి పోయింది. నుదుటి మీద చెమట, ఏసీ గాలిలో. "చెయ్యి తిప్పను" అంది పైకే. పక్క బల్ల దగ్గర కర్రకు చాక్‌పీసు రాస్తున్న పిల్ల తలెత్తి చూసింది.

మ్యాచ్ మొదలైంది. ఎదుటి పిల్ల సుచరిత, జడ్చర్ల నుంచి వచ్చింది, తనలాగే భయంగా ఉంది, అది కొంత హాయి. మొదటి ఆట తిప్పని చెయ్యితో ఆడింది, బంతులు గొర్రెపిల్లల్లా చెదిరాయి, ఓడింది. సార్ గోడకు ఆనుకుని ఇటే చూస్తున్నాడు. రెండో ఆటలో దగ్గర బంతులే ఎంచుకుంది, నెమ్మదిగా, దెబ్బ దెబ్బకూ ఊపిరి బిగబట్టి, కర్ర ఎక్కడ ఆగిందో చూసుకుంటూ. సుచరిత ఆట ముగించే నల్ల బంతిని వేయలేకపోయింది, తను వేసింది. ఒకటీ ఒకటీ. మూడో ఆట. ఎంతసేపు నడిచిందో తెలియదు, చివరికి బల్ల మీద రెండే మిగిలాయి, తెల్లది, నల్లది. నల్లది ఆ కొసన, పాకెట్‌కు మూడు జానల దూరంలో. తెల్లది ఈ కొసన. మధ్యలో గీత గీసినంత సక్కదనం. ఇది ఆ దెబ్బే. రోజూ నూరుసార్లు కొట్టిన దెబ్బే. వంగింది. గడ్డం కర్రకు తగిలింది. తిప్పకు. మోచేయి వెనక్కి. తిప్పకు, తిప్పకు, నేల సాపుగా ఉంది, నీళ్లు ఎటూ పోవు, తిప్పకు. ఎడమకు పోతుందని లోపలెక్కడో ఎవరో అరిచారు. అమ్మ గొంతు కాదు, మల్లేషన్న గొంతు కాదు, తన మణికట్టు గొంతే. మూడేళ్లు పోసి పెంచిన గొంతు. ఆఖరి చిటికెలో అది తిరిగింది. తను తిప్పలేదు, అదే తిరిగింది. నల్ల బంతి కుడి అంచుకు తగిలి, నిదానంగా వచ్చి, బల్ల మధ్యలో నిలబడింది. సుచరిత లేచింది. ఒక్క దెబ్బ. దబ్.

చెయ్యి కలిపింది. కర్ర గోడకు పెట్టింది. ఏడుపు రాలేదు. రావాల్సిన చోట కోపం వచ్చింది, ఆ వాలిన బల్ల మీద. గంటలో తెలుసుకుంది, నిజమే. తెలిసినంత మాత్రాన చెయ్యి మారదు. చెయ్యికి తెలివి చెప్పలేం, ఎదురుగా సక్కటి బల్ల పెట్టాలి, రోజూ పెట్టాలి, రెండు కొసల నుంచీ కొట్టనివ్వాలి. అప్పుడు అదే నేర్చుకుంటుంది, పాతది నేర్చుకున్నట్టే. ఫోన్ మోగింది. మల్లేషన్న.

"ఏమైంది పిల్లా?"

"ఓడిన అన్నా."

"పోనియ్. ఏం జేస్తం. మరి పొద్దటి గంటలు..."

"బ్యాచోళ్లకు ఇయ్యన్నా. నేను రేపు ఆరున్నరకు వస్తున్న. ఆడనీకి కాదు, బల్ల లేపనీకి."

"బల్ల లేపుడేంది?"

"నీ బల్ల రోడ్డు దిక్కు వాలింది. మూడేండ్ల సంది అందరి చేతులు ఖరాబ్ చేస్తాంది. నావొక్కదానియే కాదు, నీవి గూడ. సక్కటి బల్ల మీద కొత్తకోటోడు ఒక్కడు గెలవడు."

"ఏయ్, మాటలు మంచిగ రానియ్. టేపు వట్టి కొలిచి వేపిచ్చిన. నాలుగు కాళ్లు..."

నర్సింగమ్మ ఫోన్ గుంజుకుంది. "ఓ మల్లేషా. కాళ్లు సమానమే, బండలే వాటం. నాకడుగు, నేను చెప్త. రోడ్డు దిక్కు రెండు కాళ్ల కింద టేకు చెక్క వెయ్యాలె, మట్టం చూసుకుంట. యాదమ్మను, సత్తమ్మను తోల్కొస్త. మిల్లుల పల్లికాయ బస్తాలు మోసినోళ్లమే. నువ్వు రెండు గడ్డపారలు తెచ్చి పెట్టు, సాలు... ఆఁ? బరువా? ఎంతుంటది?... నీకెరుక లేకుంటె నాకెట్ల ఎరుక. ఉండు, ఎత్తి సూసి చెప్త."

ఫోన్ చెవికి, భుజానికి మధ్య నొక్కిపెట్టి, చీర కొంగు నడుముకు దోపి, నర్సింగమ్మ ప్రాక్టీసు బల్ల మూలకు నడిచింది. ఎల్లేష్ సార్ చూస్తున్నాడు, అర్థం కాలేదు. ఆమె వంగి, రెండు చేతులూ బల్ల అంచు కిందికి పోనిచ్చి, మోకాళ్లు మడిచి, బస్తాకు పెట్టినట్టు భుజం పెట్టింది.

"అమ్మా! అమ్మా, ఏం జేస్తున్నవ్? లెవెల్ పోతది!" సార్ పరుగెత్తి వస్తున్నాడు. నిహారిక తోలు సంచి పట్టుకుని నోరు తెరిచి నిలబడింది. ప్రవళిక సార్‌కు అడ్డం పోలేదు, అమ్మను ఆపలేదు. అవతలి మూలకు పోయి, తనూ వంగి, చేతులు కిందికి పెట్టింది. రాయి చల్లగా ఉంది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి పీల్చారు.

బల్ల మీది బంతులు కదిలాయి.

"లేస్తది మల్లేషా," అంది నర్సింగమ్మ ఫోన్లోకి, రొప్పుతూ. "నలుగురమైతే మస్తు."